బలవంతుల నీతికి ప్రకృతి సాక్ష్యం పలికిందా?

పరిణామ సిద్ధాంతం ప్రస్తావన రాగానే మతానికీ విజ్ఞానశాస్త్రానికీ మధ్య జరిగిన తగాదా ఒక్కటే చాలామందికి గుర్తుకు వస్తుంది. ఆ తగాదా వెనుక మరొక చరిత్ర ఉంది. అది బీదవాడి కూలికీ, నిస్సహాయుల బ్రతుక్కీ, ప్రభుత్వాల బాధ్యతకూ సంబంధించినది. ఆ చరిత్ర అమెరికాలో మూడు ఘట్టాలుగా నడిచింది. మొదట ధనికులు ఒక శాస్త్ర సిద్ధాంతాన్ని తమ నీతిగా మార్చుకున్నారు. తరువాత ఆ నీతిని చూసి భయపడినవారు శాస్త్రాన్నే కాదన్నారు. చివరకు శాస్త్రాన్ని కాదన్న రాజకీయ పక్షమే ఆ నీతిని నెత్తికెత్తుకుంది.

డార్విన్‌కు ముందే పుట్టిన వాదం

జాతుల ఉత్పత్తిని గురించి చార్లెస్ డార్విన్ వ్రాసిన గ్రంథం 1859లో వెలువడింది. ఒకే జాతి ప్రాణులలో చిన్న చిన్న తేడాలుంటాయనీ, పరిసరాలకు అనువైన తేడాలు గలవి ఎక్కువ సంతానాన్ని మిగుల్చుతాయనీ, ఈ విధంగా తరతరాలకు జాతులు మారుతాయనీ ఆయన అందులో వివరించాడు. ప్రకృతిలో ఏమి జరుగుతున్నదో చెప్పాడే గాని, మనుషులు ఒకరిపట్ల ఒకరు ఎలా మెలగాలో చెప్పలేదు.

ఆ పని చేసినవాడు హెర్బర్ట్ స్పెన్సర్. బీదలకు ప్రభుత్వం సహాయం చేయడమంటే ప్రకృతి చేసే ఏరివేతకు అడ్డు తగలడమేనని ఆయన 1851లోనే, అనగా డార్విన్ గ్రంథానికి 8 సంవత్సరాల ముందే వాదించాడు. 'యోగ్యతముల మనుగడ' అన్న మాటను 1864లో ప్రయోగించింది కూడా ఆయనే. డార్విన్ దానిని 1869లో తన గ్రంథంలో చేర్చుకున్నాడు. ప్రకృతిలో యోగ్యత అంటే పరిసరాలకు అనువుగా ఉండడమే. చీకటి గుహలో బ్రతికే గుడ్డి చేప ఆ చీకటికి యోగ్యమైనదే. కాని స్పెన్సర్ అనుయాయుల చేతిలో గెలిచినవాడే యోగ్యుడు, యోగ్యుడే ఉత్తముడు అన్న తీర్పు తయారైంది.

ఈ విషయంలో డార్విన్ పూర్తిగా నిర్దోషి కాడు. బలహీనులను కాపాడడం వల్ల మానవజాతికి కొంత చేటు కలుగుతుందని 1871లో ఆయన కూడా వ్రాశాడు. అయితే ఆ సహాయాన్ని మానుకుంటే మానవ స్వభావంలోని ఉత్తమ గుణమే నశిస్తుందని అదే చోట హెచ్చరించాడు. మొదటి మాట పట్టుకున్నవారు రెండవ మాటను వదిలివేశారు.

కోటీశ్వరుల విందు

1882 నవంబరులో న్యూయార్క్‌లోని డెల్మోనికో భోజనశాలలో స్పెన్సర్ గౌరవార్థం ఘనమైన విందు జరిగింది. ఉక్కు పరిశ్రమాధిపతి ఆండ్రూ కార్నెగీ, యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం గ్రాహమ్ సమ్నర్ అందులో పాల్గొన్నారు. వర్గాలు ఒకదానికొకటి ఏమీ బాకీ లేవన్న ధోరణిలో సమ్నర్ 1883లో ఒక పుస్తకమే వ్రాశాడు. పోటీ కొందరు వ్యక్తులకు కఠినమైనా జాతికి మేలేనని 1889లో కార్నెగీ వ్రాశాడు.

ఈ ధోరణి న్యాయస్థానాల దాకా వెళ్ళింది. రొట్టెల కార్మికుల చేత వారానికి 60 గంటలకు మించి పని చేయించరాదన్న న్యూయార్క్ చట్టాన్ని 1905లో సుప్రీం కోర్టు కొట్టివేసింది. రాజ్యాంగం స్పెన్సర్ సిద్ధాంతాన్ని చట్టంగా చేయలేదని న్యాయమూర్తి హోమ్స్ అప్పుడు అసమ్మతి తెలిపాడు. ఆ హోమ్సే 1927లో కేరీ బక్ అనే యువతికి పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చేయవచ్చునని తీర్పు వ్రాశాడు. ఇటువంటి చట్టం మొదట 1907లో ఇండియానాలో వచ్చింది. అమెరికాలో మొత్తం 60 వేల మందికి పైగా ఈ చట్టాలకు బలి అయ్యారు. సంప్రదాయవాదులే కాదు, సంస్కర్తలమని చెప్పుకున్నవారు కూడా వీటిని సమర్థించడం గమనార్హం.

బ్రయన్ భయం

విలియం జెన్నింగ్స్ బ్రయన్ రైతుల, కార్మికుల పక్షాన నిలిచి 1896, 1900, 1908 సంవత్సరాలలో అధ్యక్ష పదవికి పోటీచేసిన నాయకుడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ సైనికాధికారులు ప్రకృతి నియమం పేరుతో యుద్ధాన్ని సమర్థించిన తీరును వెర్నన్ కెలాగ్ 1917లో పుస్తకంగా ప్రకటించాడు. దానిని చదివిన బ్రయన్, ఈ సిద్ధాంతం ప్రబలితే దుర్బలునికి దిక్కు ఉండదని నిశ్చయించుకున్నాడు.

1925 జూలైలో టెనెస్సీ రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో పరిణామ సిద్ధాంతం బోధించిన నేరంపై జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుని విచారించినప్పుడు బ్రయన్ ప్రాసిక్యూషన్ పక్షాన నిలిచాడు. వివాదానికి మూలమైన పాఠ్యపుస్తకం 1914లో అచ్చయినది. అందులో తెల్లజాతి అన్నిటికన్నా ఉన్నతమన్న మాటా, 'హీన' కుటుంబాలకు సంతానం కలుగకుండా చూడాలన్న సలహా ఉన్నాయి. అసలు విషం అక్కడ ఉంది. కాని విచారణ అంతా మనిషి పుట్టుక చుట్టూ, బైబిలు చుట్టూ తిరిగింది. స్కోప్స్‌కు 100 డాలర్ల జరిమానా పడింది. తీర్పు వచ్చిన 5 రోజులకు బ్రయన్ మరణించాడు. పై కోర్టు 1927లో సాంకేతిక కారణంపై ఆ శిక్షను రద్దు చేసింది. చట్టం మాత్రం 1967 వరకు నిలిచింది.

బ్రయన్ వ్యథ నిజమైనది. కాని ఆయన దృష్టి కూడా సంపూర్ణం కాదు. నల్లవారిని హింసించిన క్లూ క్లక్స్ క్లాన్‌ను పేరుపెట్టి ఖండించడానికి 1924లో తన పార్టీ మహాసభలో ఆయన ఒప్పుకోలేదు.

హైదరాబాదులో వినిపించిన వాదన

ఇటువంటి ఆందోళన ముస్లిం లోకంలో అంతకుముందే వినిపించింది. సయ్యద్ జమాలుద్దీన్ అఫ్ఘానీ హైదరాబాదులో ఉన్న కాలంలో భౌతికవాదులను ఖండిస్తూ పారసీకంలో ఒక గ్రంథం వ్రాశారు. అది 1881లో వెలువడింది. షేక్ ముహమ్మద్ అబ్దుహ్ చేసిన అరబ్బీ అనువాదం 1886లో బీరూటులో అచ్చయింది. డార్విన్‌ను అందులో అఫ్ఘానీ ఎగతాళి చేశారు. అయితే ఆయన ప్రధాన వాదన జంతుశాస్త్రం గురించి కాదు. జవాబుదారీతనం, సిగ్గు, నిజాయితీ సడలిపోతే సమాజం నిలువదన్నదే ఆయన వాదన. అది నైతికమైన ప్రశ్న. ప్రాణుల చరిత్రను కాదన్నంత మాత్రాన దానికి సమాధానం దొరకదు.

మిగిలిపోయిన గుణపాఠం

ఆ సంగతిని తరువాతి అమెరికా చరిత్ర రుజువు చేసింది. 1980 ఆగస్టులో డల్లాస్‌లో అధ్యక్ష పదవి అభ్యర్థి రోనాల్డ్ రీగన్, పరిణామం కేవలం ఒక సిద్ధాంతమేననీ, దానిని బోధిస్తే సృష్టివాదాన్ని కూడా బోధించాలనీ అన్నాడు. మరుసటి సంవత్సరమే ఆయన ప్రభుత్వం బీద కుటుంబాల ఆహార కూపన్లలో, నగదు సహాయంలో కోత పెట్టింది. అంటే డార్విన్ బడి గుమ్మం దగ్గర ఆగిపోయాడు గాని, స్పెన్సర్ ఖజానాలోకి నడిచి వచ్చాడు. సృష్టివాదాన్ని కూడా బోధించాలన్న లూసియానా చట్టాన్ని 1987లో సుప్రీం కోర్టు కొట్టివేసింది. దానితో పాఠశాల వివాదం ఒక కొలిక్కి వచ్చిందేమో గాని, బీదవాని వివాదం అలాగే ఉండిపోయింది.

మనిషి ఎలా వచ్చాడన్న ప్రశ్న వేరు, మనిషికి ఏమి ఇవ్వవలసి ఉన్నదన్న ప్రశ్న వేరు. ఈ రెండింటినీ కలిపివేసినవారు ఒకవైపు ప్రకృతి పేరుతో అన్యాయం చేశారు, మరొకవైపు న్యాయం పేరుతో విద్యకు అడ్డు తగిలారు. సంపన్నుని ఆస్తిలో అడిగేవానికీ, అడగలేనివానికీ హక్కు ఉన్నదని ఎరిగిన సమాజం బలవంతుని నీతిని తోసిపుచ్చడానికి శిలాజాలతో తగాదా పడవలసిన పని లేదు. ఆ హక్కును చెల్లిస్తే చాలు.