ఎలైజా: వైద్యునివలె మాటాడిన యంత్రము

అమెరికాలోని మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థయందు 1964, 1966 సంవత్సరముల నడుమ జోసెఫ్ వైజెన్‌బామ్ అను ఆచార్యుడు ఒక కంప్యూటరు ప్రోగ్రామును తయారు చేసెను. ఆ పనిని నెలల తరబడి చూచుచు వచ్చిన ఆయన కార్యదర్శిని ఒకనాడు తానే టైపురైటరు ముందు కూర్చుండి యంత్రముతో సంభాషింప నారంభించినది. నాలుగు మాటలు నడచెనో లేదో, గది విడిచి వెలుపలికి పొండని ఆమె ఆచార్యునే కోరినది! తాను మాటాడునది వట్టి యంత్రముతోనని ఆమె ఎరుగకపోలేదు. అయినను మనసులోని మాట చెప్పుకొనుటకు ఏకాంతము కావలసివచ్చినది.

ప్రోగ్రామునకు ఎలైజా అని పేరు. బెర్నార్డ్ షా వ్రాసిన పిగ్మేలియన్ నాటకములో పూలమ్ముకొను పిల్ల పేరది. ఒక పండితుడు ఉచ్చారణ నేర్పగా ఆ పిల్ల దొరసానివలె మాటాడును. మాట మారిన మాత్రమున మనిషి మారునా అను ప్రశ్న ఆ పేరులోనే యున్నది.

ఇంతకును ఎలైజా చేసిన పని యేమి? "నాకు మా నాన్నగారనిన భయము" అని ఒకరు టైపు చేసిరనుకొందము. ప్రోగ్రాము ఆ వాక్యములో తన పట్టికయందలి ముఖ్యపదములకై వెదకును. "నాన్న" అట్టి పదము. పిదప "నాకు" అనుదానిని "మీకు" గను, "మా" అనుదానిని "మీ" గను మార్చి, "మీకు మీ నాన్నగారనిన భయమా? మీ కుటుంబమును గూర్చి మరికొంత చెప్పుడు" అని బదులిచ్చును. ముఖ్యపదమేదియు దొరకనిచో, మునుపు దాచియుంచిన మాట నొకదానిని పైకి తీయును; అదియును లేనిచో "ఊఁ, చెప్పుడు" అనును. అంతే! "మా నాన్నగారు బజారునకు పోయినారు" అనినను, "మా నాన్నగారు నిన్న పోయినారు" అనినను దానికి భేదము లేదు. రెంటికిని ఒకే ప్రశ్న వేయగలదు.

మరి అంత మోటు యంత్రము వైద్యునివలె ఎట్లు కనబడినది? ఇచ్చటనే వైజెన్‌బామ్ చమత్కారమున్నది. కార్ల్ రోజర్స్ అను మనస్తత్త్వవేత్త పద్ధతిలో వైద్యుడు తాను సలహా లీయక, రోగి మాటలనే రోగికి తిరిగి అప్పగించును. రోగి తిరుపతి వెళ్లి వచ్చితినని చెప్పగా, "తిరుపతిని గూర్చి చెప్పుడు" అని వైద్యుడనిన, పాపము వైద్యునికి తిరుపతి తెలియదని ఎవరును తలంపరు. అందులో ఏదో లోతైన ఉద్దేశ్యమున్నదని తలంతురు. యంత్రమునకు లేని అర్థమును వినువారే కల్పించి యిచ్చిరి.

అదే 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు మానసిక వైద్యుడు కెనెత్ కోల్బీ, తన సహచరులతో గూడి, ఇట్టిదే యొక ప్రోగ్రామును గూర్చి వైద్యపత్రికలో ప్రకటించెను. చికిత్సకులు చాలని ఆసుపత్రులలో ఒక్క కంప్యూటరు గంటకు కొన్ని వందల మందితో మాటాడగలదని ఆయన ఆశ. అది అత్యాశయని కొట్టివేయరాదు. వైద్యుడే దొరకని రోగి మాట ఆయన మనసులో నుండెను. వైజెన్‌బామ్ దీనికి హడలిపోయెను. 1936లో నాజీల జర్మనీ విడిచి వచ్చిన కుటుంబములోనివాడాయన. యంత్రము చేయగలదా అని కాదు, దానిచేత చేయింపదగునా అని అడుగవలెనని ఆయన 1976లో ఒక గ్రంథమే వ్రాసెను. బాధ ననుభవించి యెరిగినవాడే పరుని బాధను గ్రహింపగలడని ఆయన వాదము.

ఇరువురి తగవు ఇంకను తీరలేదు. 2017లో వోబాట్ అను సంభాషణ ప్రోగ్రామును 70 మంది యువజనులపై రెండు వారములు పరీక్షింపగా, దానిని వాడినవారిలో దిగులు కొంత తగ్గినట్లు కనబడెను. 2023లో అమెరికాలో ఆహారసంబంధమైన మనోవ్యాధులవారికై నడచుచుండిన టెస్సా అను ప్రోగ్రాము బరువు తగ్గుటకు ఉపాయములు చెప్పసాగెను. ఆ రోగులకు అంతకన్న హాని మరి లేదు! దానిని నిలిపివేయవలసి వచ్చెను. 2025లో డార్ట్‌మత్ కళాశాలవారు థెరాబాట్ పరీక్షాఫలితములను ప్రకటించిరి; దిగులు రోగుల లక్షణములు సగటున సగమువరకు తగ్గెను. అయితే ఆ పరీక్షలో సంభాషణలను మనుష్యులు కనిపెట్టుచునే యుండిరి. ఆ యేడే ఆగస్టులో ఇల్లినాయ్ రాష్ట్రము, యంత్రము తనంతట చికిత్స చేయరాదని చట్టము చేసెను. చికిత్సకుడు తన కార్యాలయపు పనులకు మాత్రము దానిని వాడుకొనవచ్చును.