కిరాణా కొట్టు నుంచి కార్డుల దుకాణం దాకా

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పిల్లలు పోగుచేసుకునే బొమ్మల కార్డు చాలాకాలం విడి సరుకు కాదు. సిగరెట్టు వెంట, అగ్గిపెట్టె మీద, బబుల్‌గమ్ లోపల, చిప్స్ పొట్లంలో అది ఊరికి చేరింది. అందుకే ఈ వ్యాపారం చరిత్రను కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గరే వెతకాలి.

కార్డులు దాచుకుని మార్చుకునే అలవాటును బాగా వ్యాపింపజేసినవి పొగాకు కంపెనీలు. 19వ శతాబ్దం చివర అమెరికాలో, బ్రిటన్‌లో మెత్తటి సిగరెట్ పెట్టె నలగకుండా లోపల అట్టముక్క పెట్టేవారు. దానిమీద నటీమణులు, ఆటగాళ్లు, సైనికుల బొమ్మలు అచ్చువేయడంతో కొనేవాళ్లు బొమ్మ కోసం కూడా ఎదురుచూశారు. విల్స్ కంపెనీ ఇండియాలో అమ్మిన సిజర్స్ సిగరెట్లలోనూ ఇలాంటి కార్డులు వచ్చాయి. యుద్ధకాలపు కాగితం కొరతతో 1940లో బ్రిటన్‌లో వీటి అచ్చు ఆగిపోయింది.

నిజాం రాజ్యంలో 1930లో వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ ఏర్పడింది. దాని చార్మినార్ సిగరెట్ తెలంగాణ పల్లెల్లో ఇంటింటా తెలిసిన పేరైంది. పిల్లలకు కావలసింది ఖాళీ పెట్టె. దాని అట్టను చింపి, చదును చేసి, కట్టలు కట్టేవారు. నేలమీద గిరి గీసి, మధ్యలో అట్టలు పేర్చి, దూరం నుంచి పలకరాయి విసిరేవారు. గిరి దాటిన అట్టలు విసిరినవాడివే. తెలుగునాట చాలాచోట్ల దీన్ని బచ్చాలాట అంటారు. ఎక్కువగా దొరికే అట్టకు తక్కువ విలువ, అరుదైనదానికి ఎక్కువ విలువ. చార్మినార్ అట్టలు చాలా ఇస్తేగానీ ఖరీదైన సిగరెట్ అట్ట ఒకటి దక్కేది కాదు. ఏ కంపెనీ ప్రమేయమూ లేకుండా పిల్లలు తామే కట్టిన ధరల పట్టిక ఇది. నేటి కార్డుల వ్యాపారం మొత్తం నిలబడింది ఈ సూత్రం మీదే.

ఇందులో దుకాణదారుకూ భాగం ఉంది. పల్లెల్లో సిగరెట్లను విడిగా, ఒకటీ రెండూ కొనేవారే ఎక్కువ. పెట్టె ఖాళీ అయ్యాక అట్ట కొట్టులోనే మిగిలేది. ఉప్పుకో చక్కెరకో వచ్చిన పిల్లవాడు దాన్ని అడిగి పట్టుకుపోయేవాడు. హైదరాబాద్–విజయవాడ రోడ్డు మీది సూర్యాపేట, నకిరేకల్‌లలో, కర్నూలు రోడ్డు మీది జడ్చర్ల, కొత్తకోటలలో బస్సులు ఆగే చోట ప్రయాణికులు పారేసిన పెట్టెలూ దొరికేవి. అగ్గిపెట్టె బొమ్మలకూ ఇంతే గిరాకీ. 1923లో శివకాశిలో అగ్గిపెట్టెల తయారీ మొదలై క్రమంగా పెరగడంతో పులులు, దేవతలు, పూల బొమ్మలు పల్లె పల్లెకూ చేరాయి.

బొమ్మలను డబ్బుకు అమ్మడం జాతరల్లో కనిపిస్తుంది. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు, నార్కట్‌పల్లి దగ్గర చెరువుగట్టు, పాలమూరు ప్రాంతపు కురుమూర్తి జాతరల్లో దేవుళ్ల పటాలు, గాజులు, బొమ్మలు పరుచుకుని కూర్చునే చిరువ్యాపారులకు అద్దె కొట్టు అక్కర్లేదు, పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు. టౌన్లలో ఇలాంటిదే మరో వ్యాపారం కొత్త సంవత్సరం, సంక్రాంతి గ్రీటింగ్ కార్డులు. 1980లు, 90ల్లో సినిమా హీరోల ఫోటోలతో వచ్చిన ఈ కార్డులను స్టేషనరీ షాపుల ముందు బల్లలు వేసి అమ్మేవారు. తమ్ముళ్లకూ స్నేహితులకూ పంపడానికి కొన్నవి కొన్నయితే, అభిమాన నటుడి బొమ్మ కోసం దాచుకున్నవి మరెన్నో. కార్డు తనంతట తానుగా అమ్ముడవుతుందని చిన్న వ్యాపారులకు నేర్పింది ఈ సీజనే.

క్రికెట్ వచ్చి కిరాణా కొట్టుకు మళ్లీ ఆ గిరాకీ తెచ్చింది. 1983 ప్రపంచకప్ గెలుపు తర్వాతి సంవత్సరాల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌లో ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి. వాటిమీద పరుగులు, వికెట్లు ఉండేవి. చెప్పినన్ని కూడితే బహుమతి. టీవీలో కుస్తీ పోటీలు చూసిన 90ల పిల్లలకు ట్రంప్ కార్డులు వచ్చాయి. ఎత్తు, బరువు, గెలిచిన పోటీల అంకెలతో ఆడే ఈ కట్టలు ఏ తినుబండారం తోడూ లేకుండా విడిగా అమ్ముడయ్యాయి. తర్వాత చిప్స్ పొట్లాల్లో టాజోలనే బొమ్మల బిళ్లలు, ఆపైన పోకెమాన్ కార్డులు. జపాన్‌లో 1996లో మొదలైన పోకెమాన్ కార్డులకు చౌక నకళ్లు నేడు స్కూళ్ల దగ్గరి కొట్లలో దండలుగా వేలాడుతున్నాయి.

చిన్న దుకాణాల ఫ్యాన్సీ సరుకులో ఎక్కువభాగం హైదరాబాద్ బేగంబజార్ హోల్‌సేల్ నుంచే వస్తుంది. ఇలాంటి కార్డుల నకళ్లతో కొట్టువాళ్లకు లాభం త్వరగా వస్తుంది కానీ పిల్లలకు అన్యాయం జరుగుతుంది. ఏ కార్డు అరుదైనదో తేలకపోతే మార్పిడికి అర్థమే లేదు. కొత్తగా కార్డుల కొట్టు పెట్టేవారికి అసలు సరుకు, పిల్లలు కూర్చుని మార్చుకునేందుకు ఒక బల్ల, ఈ రెండే నిజమైన పెట్టుబడి.

ఈ కాగితపు ముక్కలను భద్రపరచినవాళ్లు తక్కువ. నల్లగొండ దగ్గరి పానగల్ మ్యూజియంలో, మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రి మ్యూజియంలో రాతి శిల్పాలకు చోటు దొరికింది. సిగరెట్ అట్టలకు, అగ్గిపెట్టె బొమ్మలకు, సంక్రాంతి కార్డులకు కూడా అక్కడ ఒక అద్దాల బీరువా కేటాయించాలి. పాత ట్రంకుపెట్టెల్లో ఇవి ఇంకా మిగిలి ఉన్న ఇళ్లవాళ్లు పారేయకుండా ఆ మ్యూజియంలకు చేర్చాలి.