రాకాసిగుళ్లు



కులచరిత్రమును వెదకుచున్న మనకు, అక్షరము లేని చరిత్రమొకటి చెంతనే కలదు. 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019 నుండి ములుగు జిల్లాలోనున్న తాడ్వాయి మండలమున దామరవాయి యను గ్రామము కలదు. అచ్చటి యడవిలో ఇనుపయుగపు సమాధులు పెక్కులున్నవి. పూర్వులు బండలను నిలిపి చతురస్రముగా గది కట్టి, పైని పెనుబండ గప్పి, చుట్టును రాళ్లను వలయముగా నమర్చిరి. కొన్నింటిలో శవమునకై తొలిచిన రాతితొట్టియు గలదు. జనులు వీనిని రాకాసిగుళ్లందురు.

దైవప్రజలు శ్మశానమును చతురస్రముగాను, ఆసురప్రజలు వర్తులముగాను గావింతురని శతపథబ్రాహ్మణము చెప్పుచున్నది. ఇచ్చట గది చతురస్రము, వలయము వర్తులము. ఇక వీరిని రాక్షసులనుట యెట్లు? వీరును మనవంటి మనుష్యులే. తమవారిని భక్తితో సాగనంపినవారే.

ధనాశాపరులు నిధులకై యీ బండలను పడద్రోసిరి. ఇట్టి సమాధులలో సామాన్యముగా దొరకునవి ఎముకలు, కుండలు, ఇనుపపనిముట్లు మాత్రమే. బండ కదలినచో, వాని వలన దెలియవలసిన చరిత్రము మరల రాదు.

ఈ రాళ్లపై కులనామము లేదు. కావున నివి యందరి సొత్తు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల సోదరులు తమ గ్రామములందు ఇట్టి రాళ్లున్నచో, వాని తావును, సంఖ్యను, వృద్ధులు చెప్పు పేరును వ్రాసి పురావస్తుశాఖవారికి దెలుపుదురుగాక. పోషకులు ఇందులకు దోడ్పడుదురుగాక. పితృఋణము దీర్చుకొనుటకు నిదియు నొక మార్గమే.