జార్జ్‌టౌన్: కట్టల నడుమ పెరిగిన రాజధాని

గయానా రాజధాని జార్జ్‌టౌన్, డెమెరారా నది అట్లాంటిక్ మహాసముద్రంలో కలిసేచోట, తూర్పు ఒడ్డున, సముద్రపు పోటు మట్టానికి సుమారు ఒక మీటరు దిగువనున్న బంకనేల మీద వెలసింది. ఈ నగర చరిత్రను డచ్చి, ఫ్రెంచి, ఆంగ్ల జెండాల వరుసగా చెప్పడం పాఠ్యపుస్తకాల ఆనవాయితీ. ఆ వరుసలో అబద్ధమేమీ లేదు గాని, జెండా మారినప్పుడల్లా ఊరి పేరు మారిందే తప్ప ఊరి అమరిక మారలేదు. దానిని తోటల సరిహద్దు గట్లు, వాటి వెంట బానిసలు తవ్విన కాలువలు, ఆ కాలువల చివర బిగించిన తూములు నిర్ణయించాయి.

రాజకీయ వృత్తాంతం క్లుప్తమైనదే. తొలినాళ్ళలో డచ్చివారి డెమెరారా పాలన నదిలో ఎగువనున్న బోర్సెలెన్ అనే చిన్న లంక నుంచి సాగింది. 1781లో ఈ ప్రాంతాన్ని పట్టుకున్న ఆంగ్లేయులు నదీముఖం వద్ద కొత్త పాలనా కేంద్రానికి చోటు ఎంచగా, మరుసటి ఏడాది వచ్చిన ఫ్రెంచివారు అక్కడ పట్నం వేసి లాంగ్‌షాంప్ అన్నారు. 1784లో దానిని తిరిగి పొందిన డచ్చివారు, తమ వెస్టిండియా కంపెనీ అధ్యక్షుడూ స్టాబ్రూక్ ప్రభువూ అయిన నికొలాస్ హేల్‌వింక్ గౌరవార్థం స్టాబ్రూక్ అని పేరు మార్చారు. 1796లో ఒకసారి, నడుమ కొద్దికాలం వదులుకొని 1803లో మరొకసారి ఆక్రమించిన ఆంగ్లేయులు 1812లో మూడవ జార్జి రాజు పేరు పెట్టారు. డెమెరారా-ఎసెకిబో, బెర్బీస్ వలసలు 1831లో కలిసి బ్రిటిష్ గయానా ఏర్పడినప్పుడు ఇదే రాజధాని అయింది. 1842లో నగర హోదా, 1966లో స్వాతంత్ర్యం వచ్చాయి. స్టాబ్రూక్ పేరు మాత్రం ఒక పేటకు, గడియారపు గోపురమున్న ఇనుప మార్కెట్టుకు, ఒక దినపత్రికకు మిగిలింది.

ఇంతకంటె విస్తరించి చెప్పవలసినది నేల కథ. డచ్చివారు మొదట నదుల ఎగువన తోటలు వేశారు. అక్కడి నేల త్వరగా సారం కోల్పోవడంతో, 18వ శతాబ్ది మధ్యకాలంలో, స్టార్మ్ వాన్ ఖ్రావెసాండే పాలకుడుగా ఉన్న రోజుల్లో, సాగు క్రమంగా తీరానికి దిగింది. తీరపు ఒండ్రు సారవంతమైనదే అయినా, ముందునుంచి సముద్రపు పోటు, వెనుకనుంచి చిత్తడి నేలల్లో నిలిచిన వాననీరు దానిని ముంచుతుండేవి. అందువల్ల ప్రతి తోటకూ ముందొక కట్ట, వెనుకొక కట్ట, రెండు పక్కలా గట్లు పోసి, లోపల కాలువలు తవ్వవలసి వచ్చింది. ఇలా చుట్టూ కట్ట వేసి, నీటిని బయటికి పంపి సాగులోకి తెచ్చిన పల్లపు నేలను డచ్చివారు పోల్డర్ అంటారు. ఒక చదరపు మైలు చెరకు సాగుకు 49 మైళ్ళ మురుగునీటి కాలువలు, సాగునీటికీ పడవల రాకపోకలకూ మరో 16 మైళ్ళ ఎత్తు కాలువలు కావలసివచ్చాయి. తీరమంతటా ఇందుకోసం ఆఫ్రికా బానిసలు పదికోట్ల టన్నుల తడి బంకమట్టిని పారలతో ఎత్తిపోశారని, చక్కెర పరిశ్రమపై విచారణ జరిపిన 1948 నాటి వెన్ కమిషన్ అంచనా కట్టింది. జార్జ్‌టౌన్‌లో పుట్టి, 1980లో అదే నగరంలో బాంబు పేలుడుకు బలైన చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ, గయానా శ్రామికుల చరిత్రను ఈ అంకెలతోనే ఆరంభించాడు. తీరాన్ని డచ్చి ఇంజనీర్ల ప్రతిభకు నిదర్శనంగా పొగిడే గ్రంథాలు పార పట్టినవారిని తలచకపోవడం చిన్న లోపం కాదు.

నగర పటంలో పేటల పేర్లు చాలావరకు తోటలవీ వాటి యజమానులవీ. ఉత్తరాన వ్లిసింగెన్, దక్షిణాన వెర్క్-ఎన్-రస్ట్ అనే రెండు తోటల మధ్యనున్న సన్నని పట్టీ మీద స్టాబ్రూక్ పుట్టింది. నడుమ ఒక కట్ట, కట్టకు ఇరువైపులా ఇళ్ళ స్థలాలు, వాటి వెనుక చెరొక కాలువ, ఇదే తొలినాటి పట్నం. ఇటుకలు పరిచిన ఆ నడిమి కట్టే నేటి బ్రిక్‌డామ్ వీధి కాగా, కాలువల వరుసలు క్రోల్, హాడ్‌ఫీల్డ్ వీధులయ్యాయి. వ్లిసింగెన్ యజమాని జోసెఫ్ బుర్డా పేరు బుర్డా పేటకు, థామస్ కమింగ్ పేరు కమింగ్స్‌బర్గ్‌కు నిలిచాయి. తర్వాతి కాలంలో కాలువలను కొన్నిచోట్ల పూడ్చి, మెయిన్ స్ట్రీట్‌లో వలె నడుమ చెట్లనీడన నడిచే దారులు వేశారు. అవి కంటికి ఇంపైనవే గాని, వాన కురిసినప్పుడు ఆ నీరు నిలిచే చోటు మాత్రం అంతమేరకు తగ్గిపోయింది.

నీటి వ్యవస్థకు తాళంచెవి వంటిది కోకర్. కాలువ నదిలో కలిసేచోట, రెండు స్తంభాల చట్రంలో గొలుసులతోనో తాళ్ళతోనో పైకీ కిందికీ కదిలే బరువైన తలుపున్న తూమునే ఇక్కడ కోకర్ అంటారు. సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తి, రెండుసార్లు వెనక్కు తీస్తుంది. నీరు తీసినప్పుడు కాపలాదారు చక్రం తిప్పి తలుపెత్తగానే ఊరి నీరు తనంతట తానే నదిలోకి జారుతుంది. పోటు మళ్ళేలోగా తలుపు దించకపోతే నది ఊళ్ళోకి వస్తుంది. ఒకవేళ పోటు వేళనే కుండపోత కురిస్తే, తలుపెత్తడానికి వీలులేక నీరు వీధుల్లోనే ఆగవలసి ఉంటుంది. తూము ముందు ఒండ్రు మేట వేస్తే పాటు వేళనైనా నీరు కదలదు. అందుకే పంపులు తప్పనిసరి అయ్యాయి. 1971లో సునీల్ గవాస్కర్ తొలి టెస్టు శతకం సాధించిన బుర్డా మైదానం చుట్టూ సైతం ఇలాంటి కాలువే ఉంది. 1990లో ఇంగ్లండుతో జరగవలసిన టెస్టు, మైదానం నీటిపాలై, ఒక్క బంతీ పడకుండానే రద్దయింది.

బంకనేల కట్టడాలనూ శాసించింది. ఇళ్ళు కలపతో, స్తంభాల మీద, వరద అందనంత ఎత్తున లేచాయి. ఏటవాలు చెక్కపట్టీల కిటికీ తలుపును కింది అంచున కర్రతో బయటికి నెట్టి నిలిపితే, ఎండా వానా లోపలికి రాకుండా గాలి మాత్రం వచ్చేది. దీనినే డెమెరారా కిటికీ అంటారు. సెయింట్ జార్జి కథీడ్రల్‌కు సర్ ఆర్థర్ బ్లోమ్‌ఫీల్డ్ మొదట వేసిన ప్రణాళిక, బరువూ ఖర్చూ మితిమీరాయన్న కారణంతో తిరస్కరణకు గురైంది. ఆ తర్వాత గయానా అడవుల్లోని గ్రీన్‌హార్ట్ కలపను ప్రధానంగా వాడి 143 అడుగుల ఎత్తున కట్టిన చర్చిలో 1892లో ఆరాధనలు మొదలయ్యాయి. కలప ఊరికి నీటి తర్వాతి శత్రువు నిప్పు. 1945 ఫిబ్రవరి 23న చెలరేగిన మంటల్లో వ్యాపార కేంద్రంలో పెద్దభాగంతోపాటు మ్యూజియం, తపాలా కార్యాలయం కాలిపోయాయి.

ఇక ఆ తోటల్లో చెమటోడ్చినవారి సంగతి. 1823 ఆగస్టులో తూర్పు తీరపు తోటల్లో పదివేలమందికి పైగా బానిసలు తిరగబడగా, ఆ తిరుగుబాటును అణచిన ప్రభుత్వం పలువురిని కమింగ్స్‌బర్గ్‌లోని పెరేడ్ మైదానంలో ఉరితీసింది. 1838లో బానిసత్వం పూర్తిగా తొలగడంతో తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను, అంటే నిర్ణీత సంవత్సరాలు ఒకే తోటలో పనిచేస్తామని పత్రం రాసినవారిని, రప్పించారు. 1917 వరకు దాదాపు 2,39,000 మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి రాగా, మద్రాసు రేవు నుంచి బయలుదేరిన సుమారు 15,000 మందిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. అందరినీ మద్రాసీలనే ఒకే పేరుతో లెక్కించినందున వారిని వేరుచేసి చూడటం కష్టమైంది. భాషలు కొన్ని తరాల్లో అంతరించినా, తప్పెట మోతతో సాగే మారియమ్మ పూజలు నేటికీ నిలిచి ఉన్నాయి. విముక్తులైన ఆఫ్రికన్లలో అనేకులు నగరానికి చేరి రేవు పనుల్లో కుదిరారు. 1905 చివర కూలిరేట్ల కోసం వారు చేసిన సమ్మె, పక్కనున్న రుయిమ్‌వెల్ట్ తోట కార్మికులపై పోలీసుల కాల్పులతో అల్లర్లుగా మారింది.

తిరిగి నీటి విషయానికి వస్తే, 19వ శతాబ్ది ద్వితీయార్ధంలో కట్టిన సముద్రపు గోడకు రాయి మజరూని శిక్షా శిబిరం నుంచి వచ్చింది. పనిలో ఎక్కువభాగం ఖైదీలు చేశారు. ఆ గోడ ముందువైపు ముప్పును ఆపుతుంది. వెనుకవైపు చిత్తడిని అడ్డగించి నీటిని నిలిపే ఈస్ట్ డెమెరారా జలాశయపు మట్టికట్ట మీద నగరవాసుల దృష్టి అంతగా నిలవలేదు. 2005 జనవరి వానలకు ఆ జలాశయం నిండి పొర్లినప్పుడు రాజధాని, తూర్పు తీరం రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. జరిగిన నష్టం దేశ వార్షికోత్పత్తిలో సగాన్ని మించింది. ఆ అనుభవం తర్వాత జలాశయంలోని మిగులు నీటిని నేరుగా అట్లాంటిక్‌లోకి పంపడానికి హోప్ కాలువ తవ్వారు. నగరం లోపలి నీరు మాత్రం ఇప్పటికీ పాత కాలువల గుండా, కోకర్ల గుండా, పంపుల సాయంతోనే బయటికి పోవలసి ఉంది.