కొలతకు అందని గుర్రాలు

టర్బో కారు కంప్యూటర్లో నాలుగు అంకెలు మారిస్తే చాలు, బలం పెరుగుతుందని ఇవాళ కుర్రాళ్ళు తేలిగ్గా చెప్పేస్తుంటారు. ఆ మాట వింటే నాకు 1983 గుర్తొస్తుంది. టర్బో ఇంజనుతో ఫార్ములా వన్ డ్రైవర్ల టైటిల్ మొదటిసారి గెలిచింది ఆ ఏడే: నెల్సన్ పికే, బ్రాబమ్ కారులో. అందరూ పికే పేరే చెబుతారు గానీ, నా దృష్టిలో అసలు వీరుడు బీఎండబ్ల్యూ ఇంజనీరు పాల్ రోషె. ఆయన ఇంజను ఒకటిన్నర లీటరుది, నాలుగే సిలిండర్లు. దాని మూలం మామూలు వీధి కార్ల ఇంజనే!

టర్బో అంటే బయటికి పోయే పొగతో చక్రం తిప్పి, ఇంజనులోకి గాలి కుక్కడం. కుక్కేకొద్దీ వేడి. అప్పుడు స్పార్క్ ఓ పిసరు ముందు పడిందా, పెట్రోలు మండాల్సింది పోయి పేలుతుంది. పిస్టన్‌కి చిల్లు పడుతుంది. ఎంత పెట్రోలు, ఎప్పుడు నిప్పు అన్న లెక్క బాష్ వాళ్ళ ఎలక్ట్రానిక్ పెట్టెది.

1986 నాటికి క్వాలిఫైయింగ్ కోసం బూస్ట్ ఎంత పెంచారంటే, రోషె దగ్గరున్న కొలిచే యంత్రం 1280 గుర్రాల దగ్గరే ఆగిపోయేది. ఆపైన అంతా అంచనాయే. చివరికి పగ్గం వేసింది నిబంధనలే. 1987లో బూస్ట్ 4 బార్లు మించకూడదన్నారు, 1988లో 2.5 అన్నారు, 1989లో టర్బోనే వద్దన్నారు. మళ్ళీ అది రేసులోకి వచ్చింది 2014లో.