శిక్ష
ఆదివారపు బడిలో అల్లరిచేయు బాలురకు బెత్తమే తగునని వాదించుచు ఒక సంఘపెద్ద మొన్న ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయములోని ‘శిక్ష’ను సాక్ష్యముగా చూపెను, పిల్లలకు కోపము పుట్టింపవలదని అదే వాక్యము ముందుగా తండ్రులను హెచ్చరించుచున్న సంగతి మాత్రము దాటవేసెను. చేయగలుగుట యను అర్థముగల ‘శక్’ ధాతువుపై ఇచ్ఛార్థకప్రత్యయము చేరగా పుట్టిన యీ సంస్కృతశబ్దమునకు నేర్వగోరుట, అభ్యాసము అనునవి తొలి యర్థములు. వేదాంగమైన శిక్ష వర్ణోచ్చారణమును నేర్పునదే కాని వీపు వాయగొట్టునది కాదు. హిందీవారికి నేటికిని ఇది చదువే. తెలుగున ఒంటరిగా నిలిచినపుడు దండనయై శిక్షాస్మృతికెక్కినను, శిక్షణ, శిక్షకుడు, సుశిక్షితుడు అను తోబుట్టువులు పాతయింటనే యున్నవి. (శిష్యుడు ఈ యింటివాడు కాడు; అతనిది ‘శాస్’ ధాతువు.) మూలములోని గ్రీకుమాట ‘పైదేయా’, బాలవాచకమగు ‘పైస్’నుండి వచ్చి, పెంపకము, విద్య, దిద్దుబాటు అన్నిటిని కలుపుకొనును, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 12వ అధ్యాయములో దానికి దెబ్బల వాసనయు తగులును, కాదనను. అయినను తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక, సంఘమును గద్దింపవలసినచోట సైతము దీర్ఘశాంతమును జతచేసినది గనుక, పెద్దలు ‘శిక్ష’ను శిక్షణయని చదువుకొనుటయే నాకు సమ్మతము.