ఇంగ్లీష్ చదివితే మార్కులు ఎవరికి?

మా ప్రొద్దుటూరు పక్క మూడో తరగతి పిల్లోళ్లు కొందరు ఇంగ్లీష్ పాఠాన్ని పుస్తకం మూసేసి కూడా గడగడా అప్పజెప్తారు. అందులోదే ఒక వాక్యం వేరే కాగితం మీద రాసిస్తే మాత్రం నోరు మెదపరు. వాళ్లకు చదవడంలో ఎన్ని మార్కులేయాల? ఇది 160 ఏళ్ల నాటి తలనొప్పి.

1862లో ఇంగ్లండులో రివైజ్డ్ కోడ్ అని ఒక రూల్ పెట్టినారు. ఇన్‌స్పెక్టర్ ఏడాదికోసారి బడికొస్తాడు. ఆరేళ్లు దాటిన పిల్లోడు సరిగ్గా హాజరైతే బడికి 4 షిల్లింగులు, పరీక్ష పాసైతే ఇంకో 8. చదవడం, రాయడం, లెక్కలు, వీటిలో ఏది పోయినా 2 షిల్లింగుల 8 పెన్నీలు కట్. మొదటి మెట్టులో క్యాట్, డాగ్ లాంటి పొట్టి పదాల కథ, ఆరో మెట్టులో న్యూస్‌పేపర్ పేరా. అంటే పిల్లోడు తడబడితే కోత పడేది బడి డబ్బుకి, అంటే ఐవారి జీతానికే!

అప్పుడేమైతాది? మా సాఫ్ట్‌వేర్ వాళ్లకు బాగా తెలిసిన సంగతే. టెస్ట్ కేసులు ముందే తెలిస్తే, ప్రోగ్రామ్ పని చేయకపోయినా అవి మాత్రం పాసయ్యేలా కోడ్ రాసేయొచ్చు. ఆ బడుల్లోనూ అంతే, పుస్తకం మొత్తం బట్టీ. మాథ్యూ ఆర్నాల్డ్ అని పెద్ద కవి, బడుల ఇన్‌స్పెక్టర్ కూడా. చదవడం నిజంగా రాకుండానే పిల్లోళ్లను ఈ పరీక్ష గట్టెక్కించొచ్చని తన రిపోర్టులోనే రాసినాడు. జీతం తీసుకుంటున్న సర్కారుకే అట్లా రాయడం, నా లెక్కన, గుండె ధైర్యమే.

ఈ పద్ధతి ఓడెక్కి మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల తాలూకాలున్న మన కడప జిల్లా అప్పుడు దాని కిందే. ఇక్కడ దాని పేరు ఫలితాల గ్రాంటు: పాసైన తలల లెక్కన బడికి డబ్బు. 1882 నాటి హంటర్ కమిషన్ కూడా ప్రాథమిక బడులకు ఇదే మేలంది. కర్జన్ హయాంలో, 1904 విద్యా విధాన తీర్మానంతో గానీ దీన్ని వదిలించుకోలేదు.

ఇప్పుడు గ్రాంటు లేదు. ఎఫ్‌ఏలో రాతపనులు, ప్రాజెక్టు, స్లిప్ టెస్టు, అన్నిటికీ మార్కులేసేది పాఠం చెప్పిన ఐవారే. దీనికి పూర్తి ఎదురు దారి 2005లో మొదలైన అసర్ సర్వేది. బడికి కాదు, ఇంటికొస్తారు. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, పదాలు, వాక్యాలు, ఇవీ మెట్లు. పిల్లోడు ఏ మెట్టు దాకా ఎక్కితే అదే రాసుకుంటారు, మార్కుల్లేవు. ఐవారి జీతానికి సంబంధమూ లేదు. పదాలో వాక్యాలో చదివినోడిని ఇంకొకటి అడుగుతారు: 'దీని అర్థమేంది నాయనా?' చదివింది ఒక కాలమ్‌లో, అర్థం చెప్పింది వేరే కాలమ్‌లో.